కుదురు గింజ

ఒక పెద్ద అడవిలో పిల్లలు గంతులేస్తూ హాయిగా పెరుగుతుంటే, పెద్దలకు కన్నుకుట్టి బడి పెట్టారు.

హెడ్మాస్టరు ఉద్యోగం కొంగకు దక్కింది. పూటంతా ఒంటికాలి మీద కదలకుండా నిలబడగలగడమే ఆయన అర్హత. చదువు సంగతి ఎవరూ అడగలేదు.

ఆ బడిలో తుర్రి అనే ఉడుత పిల్ల ఉంది. ఆకు రాలితే తల తిప్పేది, చీమ పోతుంటే వెంట పోయేది. కొంగ మాస్టారు దాని తల్లిని పిలిపించారు.

“చూడమ్మా, మీ పిల్లకి బొత్తిగా కుదురు లేదు.”

“ఉడుత పిల్ల కదండీ మాస్టారూ!”

“ఆ సాకులు నాకొద్దు. డాక్టరుకి చూపిస్తావా, పేరు కొట్టెయ్యమంటావా?”

డాక్టరు ముళ్లపంది. ఒంటినిండా కలాలే కాబట్టి మందు రాయడానికి ఏనాడూ ఆలస్యం చెయ్యరు. ధ్యాస నిలవని వాళ్లకు ఆ అడవిలో కుదురు గింజ అని ఒకటుంది. నిజంగా అవసరమైన వాళ్లకు నాడి చూసి, బరువు చూసి ఇస్తే మేలే చేస్తుంది. డాక్టరు గారికి అంత తీరికేదీ? నిన్న ఏనుగు పిల్లకు రాసిందే తుర్రికీ రాసేశారు.

గింజ పడగానే తుర్రి బొమ్మలా కూర్చుంది. మాస్టారు మురిసిపోయి ఉత్తమ విద్యార్థి అని మెడలో దండ వేశారు.

నెల తిరక్కుండానే తల్లి డాక్టరు దగ్గరకు పరిగెత్తింది. “పిల్ల పండు ముట్టట్లేదండీ. కంటి మీద కునుకు లేదు. గుండె చూడండి, ఎట్లా కొట్టుకుంటోందో! నాకు భయమేస్తోంది బాబూ.”

“ఎదిగే వయసమ్మా. మార్కులెలా ఉన్నాయి?”

“నూటికి నూరు.”

“మరింకేం!” అని ఆకలికో ఆకు, నిద్రకో వేరు కలిపి రాశారు.

తుర్రి గుండె చప్పుడు బడంతా వినిపించసాగింది. ఆ దడదడకు మాస్టారికి ఎక్కాలు తప్పిపోయాయి. తనిఖీకి వచ్చిన అడవి సభాపతి ఎలుగుబంటి అది చూసి, “మీకే కుదురు తప్పింది మాస్టారూ” అన్నాడు. డాక్టరు గారు క్షణంలో అదే గింజ రాసిచ్చారు.

మూడో రోజుకు మాస్టారు చేపను చూసి మొహం తిప్పుకున్నారు. నాలుగో రోజు గుండె పట్టుకుని దభీమని పడ్డారు.

“ఇది విషంరా నాయనోయ్! నన్ను చంపేస్తున్నారు!”

అడవి సభ హుటాహుటిన కూడింది.

“నెల నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే కదయ్యా!” అంది తుర్రి తల్లి.

“నువ్వు చెప్పింది పిల్ల సంగతమ్మా. ఇది హెడ్మాస్టరు గారి ఆరోగ్యం,” అన్నాడు ఎలుగుబంటి.

నాడి చూడకుండా గింజ ఇవ్వరాదని తీర్మానం చేశారు. ఇది హెడ్మాస్టర్లకు మాత్రమే వర్తిస్తుందని కింద చిన్న అక్షరాల్లో రాశారు.

తల్లి ఆ అక్షరాలు చదివి, ఒళ్లు మండి, పిల్లను వీపున వేసుకుని పక్క అడవిలోని ముసలి తాబేలు వైద్యుడి దగ్గరకు పోయింది. ఆయన పూటంతా నాడి పట్టుకు చూసి గింజ మాన్పించాడు. పదో రోజున తుర్రి జామకాయ కొరికింది. తల్లి భోరున ఏడ్చేసింది.

నీతి: మందు పిల్లలకు పడుతుందో లేదో తెలియాలంటే, ముందు హెడ్మాస్టరుకు వేసి చూడాలి.