మధ్యరకం కంకర

రోడ్డు మిశ్రమంలో కంకర తక్కువపడితే ఆ మేరకు సిబ్బందిని కలపవచ్చునని ఉత్తర్వు వచ్చి చాలాకాలమైంది కాబట్టి, నోటీసు బోర్డులో తన పేరు చూసి ల్యాబు ఇంజనీరు పద్మనాభం పెద్దగా ఉలిక్కిపడలేదు. ఇంటిపేరు తప్పు పడలేదు కదా అని చూసుకున్నాడు, అంతే.

తప్పంతా తనదే. పెద్దరాళ్ల సందుల్లో మధ్యరకం, వాటి సందుల్లో చిన్నరకం, ఇంకా మిగిలిన సందుల్లో రాతిపొడి కూరుకుంటేనే రోడ్డు నిలుస్తుంది. ఏ రకం ఎంతుందో జల్లించి తేల్చాలి. ఆ ల్యాబులో మాత్రం ముందు గ్రాఫు గీసి, తర్వాత దానికి సరిపడా అంకెలు వేసేవారు. జల్లెడలు గోడకి వేలాడుతుండేవి. పద్మనాభమూ ఇన్నేళ్లు బుద్ధిగా అదే చేశాడు. మొన్న కరెంటు పోయి, ఫోనులో చార్జింగు లేక, ఏమీ తోచక, పోయేకాలం వచ్చి జల్లెడలు దించి కంకర జల్లించాడు. మధ్యరకం కంకర దాదాపు లేదని తేలింది. ఆ తేలినదాన్ని తేలినట్టే రాసి పైకి పంపాడు కూడా.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దివాకర్రావు గారు నెత్తి కొట్టుకున్నారు.

"నిన్నెవరు జల్లించమన్నారయ్యా?"

"ఖాళీగా ఉండి, సార్."

"లోటు కనిపెట్టినవాడే పూడ్చాలి. రూలు. నా చేతుల్లో ఏముంది?"

"పోనీ అంకెలు మార్చి రాసిచ్చేస్తాను సార్, ఎంతసేపు!" అన్నాడు పద్మనాభం. తనకి వెన్నెముక ఉందన్న భ్రమ అతనికి ఎప్పుడూ లేదు.

"రిపోర్టుకి నంబరు పడిపోయిందయ్యా."

పద్ధతి ప్రకారం పద్మనాభాన్ని జల్లించారు. పైవాళ్ల ముందు ఒదిగి ఒదిగి ఎప్పుడో సైజుకి వచ్చేసి ఉన్నాడు. పెద్ద జల్లెడలోంచి జారిపోయాడు, చిన్నదాని మీద నిలిచాడు. 'అచ్చమైన మధ్యరకం' అని రాశారు. సర్వీసు మొత్తంలో అతనికి దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. సిగ్గులేకుండా పొంగిపోయాడు.

ఇంటికెళ్లి భార్య సుభాషిణికి చెప్పాడు.

"ఏ రోడ్డులో వేస్తారట?"

"రైతుబజారు రోడ్డు."

"నయమే. కూరలకి రోజూ అటే వెళ్తాను."

అప్పుడు మాత్రం అతనికి ఏడుపు ఆగలేదు.

మర్నాడు వేడి తారులో కలిపి పరిచారు. రోలరు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. చీకట్లో పక్కనుంచి ఎవరో మోచేత్తో తట్టారు.

"మీరూ జల్లించారా, సార్?"

"ఒక్కసారే."

"మేమూ అంతే. కొంచెం సర్దుకోండి, ఇంకా వస్తారు."

పద్మనాభం సర్దుకున్నాడు.