చీపురు దాచిన బంగారు హోస్ట్

"ఈసారి నక్షత్రాలు రాలిపోతే మన గతేంది?" అని, అతిథి ఇంకా మెట్లు కూడా ఎక్కకముందే పైకి అనేశాను.

"నీకు రాకముందు భయం, వచ్చినంక భయం, పోయినంక ఇంకింత భయం" అని మా అమ్మాయి అరుణ విసుక్కుంది.

నిజమే. కానీ మనిషికి భయం ఉండాలండీ! ఆ భయాన్ని ఇంటింటికీ ఉచితంగా పంచుతున్న గదుల యాప్ వాళ్లకు ఇస్నాపూర్ చౌరస్తాలో శాలువా కప్పాలని నా మనవి.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మా ఆయన యాదగిరి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక మేడ మీద గదిని ఆ యాప్‌లో పెట్టాం. ఇప్పుడు ఇల్లు నడిచేది దాని మీదే. యాప్ పుట్టింది విహారయాత్రికుల కోసం. ఇస్నాపూర్‌కు విహారానికి ఎవరొస్తారని అడక్కండి. బొల్లారం మందుల కంపెనీలో ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు, బాయిలర్ తనిఖీకి వచ్చేవాళ్లు వస్తారు. యాప్ లెక్కలో వాళ్లంతా విహరిస్తున్నట్టే!

వెళ్లేటప్పుడు ప్రతివాళ్లూ ఐదుకు ఇన్ని నక్షత్రాలని వేస్తారు. మూడు నెలలకోసారి సగటు తీస్తారు. 4.8 ఉంటే నా పేరు పక్కన 'బంగారు హోస్ట్' అని బ్యాడ్జ్ వెలుగుతుంది, మా గది మొదటి పేజీలో ఉంటుంది. ఆరిపోయిందా, పంతొమ్మిదో పేజీ. అక్కడిదాకా వేలు జరిపే ఓపిక ఎవరికుంది?

నేను చదివింది ఏడో తరగతి. ఐదుకు నాలుగంటే నూటికి ఎనభై అని నాకూ తెలుసు. ఆ రోజుల్లో నాకు ఎనభై వచ్చి ఉంటే మా నాన్న వాడంతా చక్కెర పంచేవాడు. యాప్‌లో నాలుగంటే ఫెయిల్! చదువు విలువ ఎంత పెరిగిందో చూడండి.

ఇక క్రమశిక్షణ! అతిథి ఏదడిగినా గంటలోపు జవాబివ్వాలి. మా చిన్నాడపడుచు మామగారి దశదినకర్మలో, అందరూ ఏడుస్తున్న వేళ, "వైఫై ఉందా?" అని వచ్చింది. కళ్లు తుడుచుకుని, "ఉందండీ, సంతోషంగా రండి!" అని పువ్వు బొమ్మ కూడా పెట్టి పంపాను. ఇంతటి నిగ్రహం మునులకైనా ఉంటుందా?

ఒకాయన "గాలి వాసన వస్తోంది" అని నక్షత్రం కోశాడు. బొల్లారం వైపు నుంచి వీచే గాలి అది. ఏం చేస్తాను, కిటికీలు రెండుసార్లు కడిగించాను. గాలి ఏమైనా బాగుపడిందేమో మీరే వచ్చి చెప్పాలి.

ఈ పద్ధతి ఇంత నచ్చి, ఇంట్లో కూడా పెట్టేశాను. పప్పు ఎలా ఉందని మా ఆయన్ని అడిగితే మూడు వేళ్లు చూపించాడు. ఇరవయ్యారేళ్లు నోరు మెదపకుండా తిన్న మనిషి! రెండు రోజులు పచ్చడితో సరిపెట్టాను. ఇప్పుడు అడక్కుండానే ఐదు వేళ్లూ చూపిస్తున్నాడు. సంసారాలు ఇలాగే బాగుపడతాయి.

ఇంత మేలు చేసిన యాప్‌కు నేనే ద్రోహం చేశాను. అదీ చెప్పుకోవాలి.

మూడు నెలల లెక్క ఆఖరి రోజు. మా సగటు సరిగ్గా 4.8 మీద నిలబడి ఉంది. పైన దిగిన సత్యశ్రీ, ఇంటర్వ్యూకి వచ్చిన పిల్ల, పొద్దున్నే ఏలూరు రైలుకని లింగంపల్లి స్టేషన్‌కు బయలుదేరింది. పన్నెండింటికి నరసరాజు గారని బాయిలర్ తనిఖీ చేసే పెద్దమనిషి దిగాలి. గది ఊడ్చి తుడవాలి.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఊరికి బయలుదేరిన మనిషి వెనకే ఇల్లు ఊడ్వకూడదు. మా అత్త బక్కమ్మ ఒక పూట ఆగేది. ఫోన్లు వచ్చాక నేను "చేరిన" అనే కబురు వచ్చేదాకా ఆగుతున్నాను. సత్యశ్రీ మొదటిరోజు దారి అడగడానికి చేసిన నంబరు నా దగ్గరుంది. "బిడ్డా, చేరినవా?" అని వాట్సాప్‌లో పెట్టాను. జవాబు లేదు.

"అమ్మా, జల్దీ చీపురియ్యి. ఆయనొచ్చే టైమైంది" అంది అరుణ.

"ఆ పిల్ల ఇంకా రైల్లనే ఉన్నది. ఏమన్న అయితే ఎవలది పాపం?"

"మనం ఊడుస్తే రైలుకెట్ల ఎరుకైతదే?"

"మనం ఊడ్వకుంటే ఆ యాపోనికెట్ల ఎరుకైతది? గట్లనే!"

"ఆ అక్క బాగనే ఉన్నది. పొద్దుగాల ఏడింటికి ఐదు నక్షత్రాలిచ్చింది. సదువుతా ఇను: 'సొంత అమ్మలా చూసుకున్నారు.'"

"అది ఏడింటి సంగతి. ఇప్పుడు పదకొండైంది!"

అరుణ మా ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు చూసి, అలవాటుగా ఐదు వేళ్లూ ఎత్తాడు. చీపురు తీసుకెళ్లి బియ్యం డ్రమ్ము వెనక దాచాను.

నరసరాజు గారు చెప్పిన వేళకే వచ్చారు. గది చూసి కిందికి దిగి, మర్యాదగా అడిగారు.

"అమ్మా, కోప్పడకండి, గదిలో పల్లీ పొట్టు ఉంది. చీపురిస్తే నేనే ఊడ్చుకుంటాను."

"జెర ఆగుండ్రి సార్. ఒకామె ఏలూరుల దిగాలె."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ప్రెషర్ ఎక్కువైన బాయిలర్‌ను అలాగే చూస్తారు కాబోలు.

ఆ సాయంత్రమే ఆయన గది ఖాళీ చేశారు. శుభ్రతకు ఒక్క నక్షత్రం. కింద ఒక వాక్యం: "హోస్ట్ చీపురు దాచిపెట్టారు." అబద్ధం ఒక్క అక్షరం లేదు! తెల్లారేసరికి బ్యాడ్జ్ ఆరిపోయింది. ఆ పిల్ల బయలుదేరి ఇవాళ్టికి మూడో రోజు. మా ఫోన్‌కు ఒక్క బుకింగూ రాలేదు.

జరిగింది జరిగినట్టు యాప్ వాళ్లకు రాశాను. గంట కాదు, క్షణంలో జవాబు! "మీ సందేశం మాకెంతో విలువైనది." తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. వాళ్లకు గంట నియమం పెట్టడం ఎవరో మరిచిపోయి ఉంటారు.

నాకు ఫిర్యాదేమీ లేదు. శుభ్రతకు నక్షత్రాలున్నాయి, జవాబుకున్నాయి, పరుపుకున్నాయి, నా పరిధిలో లేని గాలిక్కూడా ఉన్నాయి. మన ఇంట్లో రెండు రాత్రులు పడుకున్న ఆడపిల్ల తన ఇంటికి చేరిందా అని కనుక్కోవడానికి మాత్రం ఎక్కడా గడి లేదు. లేనిదానికి నేను మార్కులు పోగొట్టుకోవడం నా తెలివితక్కువే.

అయినా ఈ మూడు రోజుల్లో పదకొండు సందేశాలు పెట్టాను. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. పేపర్లో ప్రమాదాల వార్తలన్నీ చదివాను. ఏలూరు వైపు మబ్బు పట్టిందంటే కూడా ఇంకో సందేశం పెట్టాను. మేడ మీద పల్లీ పొట్టు ఎక్కడిదక్కడే ఉంది.

ఇది రాస్తుండగానే ఫోన్ కిణుక్కుమంది. అరుణ లాక్కుని చదివింది. చదివి, నా ముఖం చూసి, నవ్వాలో వద్దో తెలియక ఫోన్ నా చేతికిచ్చింది.

"చేరానండీ, మొన్ననే. ఇంతకీ మీరెవరండీ?"