కోయరాని వామాకు

మా వీధిలోని రిటైర్డు సూపరింటెండెంటు గారు మేడ మీద మూలికల తోట పెంచుతున్నారనీ, తత్ఫలితంగా వీధి యావత్తూ ఆరోగ్యంగా ఉన్నదనీ అందరికీ తెలియజేయడమైనది. తెలియజేసింది వారే. రోజూ పొద్దున్నే వీడియో తీసి మా అందరి ఫోన్లకూ పంపుతారు. పుదీనా, కలబంద, వామాకు. కుండీకొక అట్టముక్క, దాని మీద మొక్క పేరు, నయమయ్యే రోగాల జాబితా, అడుగున వారి సంతకం.

ఆకు మాత్రం ఎవరూ కోయరాదు. ఆదివారం తోటల పోటీ. నిండుగా ఉన్న కుండీకే బహుమతి అని వీధి సంఘం వారి ఉత్తర్వు. సూపరింటెండెంటు గారి భార్యకు పది రోజులుగా దగ్గు, కంటి మీద కునుకు లేదు. రెండు వామాకులు కోసుకుంటానని అడిగింది.

"పోటీ అయ్యేదాకా ఓపిక పట్టలేవూ? దగ్గేగా, ఎక్కడికీ పోదులే!" అన్నారాయన. అన్నట్టే అది ఎక్కడికీ పోలేదు.

ఆ పూట వీడియో దగ్గు గురించే. "ఆరోగ్యాభిలాషులారా! మందుల షాపుకు ఎందుకు పరుగులు? మీ కుండీలోనే ఆసుపత్రి ఉంది!" వెనక ఆవిడ పేగులు తెగేలా దగ్గుతోంది. "దగ్గు భలే సహజంగా ఉందండీ, ఎవరిచేత దగ్గించారు?" అని ఒక అభిమాని. ఆయన పొంగిపోయి, మర్నాడు ఆవిడను పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టారు.

"నేను చెయ్యి ఊపినప్పుడే దగ్గు. ముందే దగ్గేసి పాడుచెయ్యకు."

నాకు ఒళ్లు మండింది. అయినా వీడియో కింద బొటనవేలి బొమ్మ పెట్టాను, ఇరుగుపొరుగు కదా.

శనివారం సాయంత్రం ఆయన అట్టముక్కల మీద సంతకాలు దిద్దేందుకు సిరా కొనడానికి బజారుకెళ్లగానే ఆవిడ కత్తెర పట్టుకుని మేడెక్కింది. రెండాకులు కాదు, కుండీ మొత్తం బోడి చేసింది. గిన్నెడు కషాయం కాచుకుని తాగి, హాయిగా పడుకుంది.

ఆదివారం న్యాయనిర్ణేతలు వచ్చేసరికి మిగిలినవి కాడలూ, సంతకమూ.

"కొంప ముంచావే! ఇన్ని రోజులు ఆగినదానివి ఒక్క పూట ఆగలేకపోయావా?"

"దగ్గు తగ్గిందండీ."

"ఎవడడిగాడు!"

మొక్క వాడకానికి గురైనందున అనర్హమని న్యాయనిర్ణేతలు రాసుకున్నారు. మొదటి బహుమతి ఎదురింటివారికి దక్కింది. వారి మొక్కలు ప్లాస్టిక్‌వి, ఒక్క ఆకూ పోలేదు. నీళ్లు కూడా పొదుపు చేసినందుకు ప్రత్యేక అభినందనలు.

ఆ దగ్గు వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. నాలుగు వేల మంది చూశారట. నాకు తెలిసి దగ్గు తగ్గింది ఒక్కరికే, ఆవిడ దాన్ని చూడలేదు. ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. పక్కగదిలో ఎవరో దగ్గుతుంటే తలుపు దగ్గరగా వేసి, మరో పదిమందికి పంపే ఉంటారు.