బాలమణి దవడకు ట్యూషన్

నోరు పుట్టుకతోనే వస్తుందని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారా? పాపం! పుట్టుకతో వచ్చేది పుర్రె ఒక్కటే. దానికి నోరు పెట్టాలంటే వాయిస్ ట్రైనర్ కావాలి.

శామీర్‌పేట బాలమణినే చూడండి. యాభై దాటేదాకా ఏ ట్రైనింగూ లేకుండానే మాట్లాడేసింది. ఎంత తెగువ! చెరువు ఈ గట్టున నిలబడి ఆమె ఒక్క కేక వేస్తే ఆ గట్టున బర్రెలు ఇంటిదారి పట్టేవి. కానీ బర్రెలకు ఓట్లు లేవు కదా! ఈసారి ఎన్నికల్లో వార్డు మహిళలకు రిజర్వయింది. ప్లాట్ల వ్యాపారం చేసే కొడుకు ప్రతాప్‌కు తన టికెట్ మీద ఆశ పోయి, తల్లి మీద ప్రేమ పొంగింది.

"అమ్మా, గీ కాలనీలల్ల అందరు సదువుకున్నోళ్లే. నీ గొంతింటే పరేషాన్ అయితరు," అని చెప్పి ఆమెను యాప్రాల్‌లో శైలజ అనే ట్రైనర్ దగ్గర చేర్పించాడు.

శైలజ టేబుల్ మీద ఒక పుర్రె. సగానికి కోసి ఉంది. లోపల నాలుక, అంగిలి, స్వరపేటిక, ఒక్కోదానికి ఒక్కో రంగు. బాలమణి చేతులు జోడించింది.

"ఎవలో పాపం! బతికినన్ని దినాలు మస్తు మాట్లాడి ఉంటడు."

"ప్లాస్టిక్‌దండీ," అంది శైలజ. "మీ మాట తిన్నగా గుండెల్లోంచి తోసుకొచ్చేస్తోంది. అలా రానివ్వకూడదు. ఇదిగో, ఈ కొండనాలుక దగ్గర ఆపాలి. అంగిలికి మెత్తగా తాకించి వదలాలి. దవడ రెండు వేళ్లకు మించి తెరవద్దు. పెదవుల చివర్లు ఎప్పుడూ కాస్త పైకి ఉండాలి!"

అబ్బ, ఎన్ని లాభాలో! కోపం గొంతులో బయల్దేరి, కొండనాలుక దగ్గర ఆగి, అంగిలి చుట్టి బయటికొచ్చేసరికి తిట్టాల్సిన మనిషి ఇంటికెళ్లి అన్నం తింటూ ఉంటాడు. ఇరుగుపొరుగుతో గొడవలే లేవు. మేడ్చల్ మార్కెట్లో టమాటాలవాడు ఆమె మర్యాద చూసి, అంతే మర్యాదగా రేటు పెంచాడు. మనవరాలు నయన మాత్రం, "అవ్వా, నువ్వు నాతోనే మాట్లాడుతున్నవా, ఫోన్‌ల మాట్లాడుతున్నవా?" అని అడిగేది. పిల్లకాయ, దానికేం తెలుసు!

ఇంతలో మచ్చ బొల్లారంలో బాలమణి తమ్ముడు బాలేష్ గుండె ఆగి పోయాడు. తల్లి పోతే ఆమె చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు.

వాళ్లలో ఒక పద్ధతి ఉంది. అక్క వచ్చి, తమ్ముడి బతుకంతా చెప్పుకుంటూ శోకం అందుకోవాలి. అక్క ఎత్తుకోనిదే తక్కిన ఆడవాళ్లు గొంతు కలపరు. వాకిలి నిండా కూర్చుని అందరూ ఆమె కోసమే చూస్తున్నారు.

బాలమణి వచ్చింది. తమ్ముడి ముఖం చూసింది. కళ్లు నిండాయి. దవడ రెండు వేళ్ల మేర తెరుచుకుంది. పెదవుల చివర్లు వాటంతటవే పైకి లేచాయి.

"బాలేష్ గారి మరణం మా కుటుంబానికి తీరని లోటు."



"గాడ పండుకున్నోడు నీ తమ్ముడు, వదినె!" అంది బాలేష్ భార్య యమున. "మీటింగ్ గాదు. జర నోరిడిసి ఏడువు."

బాలమణి మళ్లీ ప్రయత్నించింది. లోపలినుంచి ఏదో తన్నుకొచ్చి కొండనాలుక దగ్గర బుద్ధిగా ఆగిపోయింది. నేర్పిన చదువు వృథా పోలేదు! పక్కనే ఫోన్‌లో వీడియో తీస్తున్న ప్రతాప్, "మస్తుందమ్మా, మొఖం గట్లనే ఉంచు," అని గొణిగాడు.

యమున ఏడ్చింది, పిల్లలు ఏడ్చారు. శోకం మాత్రం లేవలేదు. అక్క ఉండి కూడా బాలేష్ పాడె ఆ వాకిట్లోంచి మూగగా లేచింది.

బాలమణి కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు ఏడుపు బయటికి వస్తలేదు బిడ్డా. గా మేడంకు జల్దీ ఫోన్ చెయ్యి. ఎట్ల ఏడ్వాల్నో అడుగు."