మీ ఇంట్లోకి మీరు రావడానికి దరఖాస్తు

"ప్రపంచ ప్రజలారా, రండి! మా దేశం మీ ఇల్లే! మీ ఇంటికి మీరు రావడానికి వీసా దేనికి?"

ఇంత గొప్ప వాక్యం రాసినవాణ్ణి నేనే. సరిహద్దు గేటు పక్కన, బస్సు ఆగేచోట, నిలువెత్తు బోర్డు మీద ఉంది. నలభై ఒక్క దేశాల వాళ్ళు ఇకపై వీసా లేకుండా వచ్చి ముప్పై రోజులు ఉండొచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు మా ఆఫీసులో అందరం చప్పట్లు కొట్టాం. కొట్టాక కూర్చుని ఆలోచిస్తే గుండె గుభేల్మంది. వీసా అక్కర్లేకపోతే, వీసాలిచ్చే మేం పదకొండుమందిమి ఎవరికి కావాలి?

మా సూపరింటెండెంటు గారు మాత్రం చలించలేదు.

"వీసా అక్కర్లేదన్నారు, సరే! అక్కర్లేదని ఎవరు చెప్పాలి? వచ్చినవాడు చెప్తే చెల్లుతుందా? మనం చెప్పాలి!"

అలా పుట్టింది వీసా మినహాయింపు ధ్రువీకరణ ఫారం. నాలుగు పేజీలు, ముప్పై రెండు గడులు, మూడు ప్రతులు. పాత వీసా ఫారం ఒక్క పేజీయే! కొత్తది తయారుచేసింది కూడా నేనే. అందులో పదిహేడో గడి అంటే నాకు ప్రాణం: "మీకు వీసా ఎందుకు అక్కర్లేదో కారణం తెలుపుము." పద్దెనిమిదో గడిలో ఇద్దరు స్థానికుల సంతకాలు ఉండాలి. వాళ్ళు మిమ్మల్ని మూడేళ్ళుగా ఎరిగి ఉండాలి, బంధువులు మాత్రం కాకూడదు.

మా ఉద్యోగాలు నిలబడ్డాయి. నేను కూర్చునే మొదటి కిటికీ ముందు నలభై ఒక్క దేశాలూ క్యూ కట్టాయి. మిగతా దేశాల వాళ్ళకి మామూలు వీసాలిచ్చే రెండో కిటికీ గుమాస్తా మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కునుకు తీసేవాడు.

ఇలా ఉండగా మా తమ్ముడి భార్యకి నెలలు నిండాయి. పుట్టిల్లు అవతలి దేశం, ఆ నలభై ఒక్కటిలో ఒకటి. మాట మాత్రం మన మాటే. తొలి కాన్పు మరి, "అమ్మ పక్కన లేకపోతే నాకు భయం బావగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను రొమ్ము విరుచుకున్నాను. "ఇంతేనా! మీ అమ్మగారిని బస్సెక్కమనమ్మా. గేటు దగ్గర నేనుంటాను. వీసా గీసా ఏమీ అక్కర్లేదు!"

ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయని తమ్ముడు ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. తొమ్మిదింటికి ఆవిడ బస్సు దిగింది. ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో పొత్తిగుడ్డల సంచి.

"రండి అత్తయ్యగారూ, రండి! ఇది మీ ఇల్లే అనుకోండి!" అని కిటికీలోంచే ఆహ్వానించి, మూడు ప్రతులూ చేతికిచ్చాను.

"ఇదేంటి బాబూ? ఏమీ అక్కర్లేదన్నావుగా?"

"అక్కర్లేదు! అక్కర్లేదని ఇది నింపిస్తే చాలు."

ఆవిడ బెంచీ మీద కూర్చుని ఓపిగ్గా ఒక ప్రతి నింపింది. పదిహేడో గడిలో "మా వాళ్ళు కాబట్టి" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

"ఇది కారణం కిందికి రాదండీ. ఉత్తర్వు నంబరు వెయ్యాలి."

"ఎంత ఆ నంబరు?"

"లోపల నోటీసు బోర్డు మీద ఉంటుంది."

"వెళ్ళి చూసి రానా?"

"ఫారం పూర్తయితేగానీ లోపలికి వెళ్ళకూడదు!"

"పోనీ, నువ్వే చెప్పెయ్యరాదూ?"

"అయ్యో, నేను బంధువుని! పక్షపాతం అనరూ?"

ఇంతలో మళ్ళీ ఫోన్. "అన్నయ్యా, లోపలికి తీసుకెళ్ళారు. అత్తయ్య ఏది? ఇది అమ్మా అమ్మా అని ఒకటే కలవరిస్తోంది!"

పెన్ను కౌంటరు మీద పడేసి, నింపిన ప్రతి పట్టుకుని సాక్షుల కోసం పరుగెత్తాను.

"ఆవిడ ముఖమే చూడలేదు కదండీ నేను!" అన్నాడు జిరాక్సు కొట్టు ఆయన.

"చూడమని ఎవరన్నారు? మూడేళ్ళుగా ఎరుగుదునని రాయండి, చాలు!"

మా ఫారాల పుణ్యమా అని ఆయన కొట్లోకి కొత్త మిషను వచ్చింది. మారుమాట్లాడకుండా సంతకం పెట్టాడు. పక్కనున్న టైర్ల షాపు ఆయనైతే "మూడేళ్ళేం ఖర్మ, ముప్పైయేళ్ళని రాసుకోండి" అన్నాడు. మనుషుల్లో మంచితనం ఇంకా మిగిలే ఉంది!

ఉత్తర్వు నంబరు కూడా నేనే వేసేసుకుని, గంట తర్వాత గర్వంగా తిరిగొస్తే బెంచీ ఖాళీ.

రెండో కిటికీ గుమాస్తా ఆవలించాడు. "ఆ పెద్దావిడా? నా దగ్గర మామూలు వీసా తీసుకుని వెళ్ళిపోయిందండీ. పది నిమిషాలు పట్టింది."

"వీసా అక్కర్లేనివాళ్ళకి వీసా ఎలా ఇచ్చావయ్యా!"

"అడిగిందండీ. ఇచ్చాను."

సెలవు చీటీ మూడు ప్రతుల్లో రాసిచ్చి నేను ఆస్పత్రి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రెండో అంతస్తులో, గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని అత్తయ్యగారు కూర్చుని ఉంది. లోపల పసిబిడ్డ కేరుమంటోంది.

"సమయానికి అందుకున్నారా?"

"అందుకున్నాను. నా చెయ్యి పట్టుకునే కంది. ఆడపిల్ల."

హమ్మయ్య! నా కళ్ళు చెమర్చాయి. అబద్ధమెందుకు, సిగ్గు కూడా వేసింది. గబగబా తలుపు మీద చెయ్యి వేశాను.

"ఆగు బాబూ." ఆవిడ సంచిలోంచి నా ఫారమే ఒక ఖాళీ ప్రతి తీసింది. 'దేశం' అని ఉన్నచోటల్లా కొట్టేసి 'గది' అని రాసి ఉంది. "పెదనాన్నలకి అనుమతి అక్కర్లేదు. అక్కర్లేదని ఇది నింపిస్తే చాలు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తమ్ముడు తలుపు సందులోంచి తల బయటపెట్టాడు.

"నింపెయ్యి అన్నయ్యా. నేనూ నింపాను."

కాగితాన్ని గోడకి ఆనించి నింపడం మొదలుపెట్టాను. పదిహేడో గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇంకేమీ తోచక "మా వాళ్ళు కాబట్టి" అని రాసిచ్చాను.

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని చదివింది.

"ఇది కారణం కిందికి రాదండీ," అంటూ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. అది నా పెన్నే!