అరంగుళం వాలు

బుధవారం ఉదయం వడ్రంగి మేస్త్రి పథకంలో ఉన్నవి మూడే పనులు. కాఫీ తాగాలి, వర్క్‌షాపులో రెయిలింగుకి చివరి నునుపు పట్టాలి, మర్నాటికల్లా దాన్ని లైబ్రరీకి చేర్చాలి. నాలుగు నెలలు కష్టపడి ఆయన కట్టిన టేకు మెట్లు అక్కడ రెయిలింగు కోసం ఎదురు చూస్తున్నాయి. శనివారం ప్రారంభోత్సవం. శుక్రవారం సాయంత్రానికి రెయిలింగు రాకపోతే స్టీలు గొట్టాలు బిగిస్తామని లైబ్రరీ అధ్యక్షుడు మర్యాదగానే చెప్పాడు. తన మెట్ల పక్కన స్టీలు గొట్టాలు ఉన్నట్టు ఊహించుకున్నప్పుడల్లా మేస్త్రికి ముద్ద దిగడం లేదు.

కాఫీ అయింది. వర్క్‌షాపులో చెవి మీది పెన్సిలు కింద పడితే తీసుకుందామని వంగాడు. నడుము పట్టేసింది. ముప్ఫై ఏళ్ళు దూలాలు మోసిన నడుము పెన్సిలు చేతిలో ఓడిపోయింది. పైకి లేవలేక, నేలను శ్రద్ధగా చూస్తూ సగానికి వంగి నిలబడి ఉండగా బావమరిది వచ్చాడు. వర్క్‌షాపులో కొలతలన్నీ చూసేది అతనే. ఏమైందని అడిగాడు. పెన్సిలని చెప్పడానికి మేస్త్రికి నోరు రాలేదు.

"దూలం ఎత్తాను," అన్నాడు.

"ఒక్కరేనా బావా?"

"ఒక్కణ్ణే."

దూలమన్నాక దానికి తగ్గ గాయం ఉండాలి. అంత బరువుకి వెన్నుపూస పక్కకి జరిగే ఉంటుందని బావమరిది తేల్చాడు. జరిగిందో లేదో చూడటం అతనికి కొత్త కాదు. గుమ్మాలు నిటారుగా ఉన్నాయో లేదో రోజూ చూసేవాడే. మేస్త్రిని గోడ పక్కన నిలబెట్టి, దారం కట్టిన ఇనుప గుండు మెడ వెనక నుంచి వేలాడదీశాడు. ఎడమ భుజం అరంగుళం దిగి ఉంది.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఒక్కనాడూ కనిపెట్టలేదురా తమ్ముడూ," అంది మేస్త్రి భార్య.

వాలిన గుమ్మం కింద చెక్క ముక్క పెట్టి లేపడం ఆ ఇంటి విద్య. బావమరిది అరంగుళం ముక్క కోసి, గరుకు లేకుండా రుద్ది మరీ, మేస్త్రి ఎడమ చెప్పులో అంటించాడు. కదిలితే ఎముక ఇంకా జరుగుతుందని భార్య ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టింది. స్నానానికీ కాలకృత్యాలకీ తప్ప లేవకూడదు. లేచినప్పుడల్లా ఆ చెప్పులే వేసుకోవాలి.

గురువారం ఉదయానికి నడుము కొయ్యబారింది. కుడి తుంటి కూడా కొత్తగా నొప్పి మొదలుపెట్టింది. నొప్పి పెరిగితే గాయం పెరిగినట్టేనని బావమరిది లెక్క. అందుకని చెక్క మీద ఇంకో చెక్క వేశాడు. ఎందుకైనా మంచిదని తన వెనకా గుండు వేలాడదీయించుకున్నాడు. అతనూ అరంగుళం వాలాడు. అక్క ముప్పాతిక. తెలిశాక ఊరుకోలేరు కదా, ఇద్దరి చెప్పుల్లోకీ చెక్కలు వచ్చాయి.

మధ్యాహ్నం రెయిలింగు సంగతి కనుక్కుందామని అధ్యక్షుడు వచ్చాడు. ఇల్లాలు కుంటుతూ వచ్చి తలుపు తీసింది. తమ్ముడు కుంటుతూ కుర్చీ తెచ్చాడు. మేస్త్రి బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు. ఏం జరిగిందని అధ్యక్షుడు అడిగితే, బావమరిది "దూలం" అని ఊరుకున్నాడు. అధ్యక్షుడు ఇంటి కప్పు వైపు ఓసారి చూసి, కూర్చోకుండానే వెళ్ళిపోయి, స్టీలు గొట్టాలు పురమాయించాడు.

ఆ కబురు సాయంత్రం చేరింది. తెల్లారగానే మేస్త్రి తనని పక్కవీధిలో చేతులతో వెన్ను సరిచేసే కైరోప్రాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. ఆవిడ వెన్ను మెలిపెడితే టక్‌మని పూస దాని చోట్లో కూర్చుంటుందని బావమరిది విని ఉన్నాడు. కళ్ళారా చూద్దామని వెంట వచ్చాడు.

డాక్టరమ్మ ముందు చెప్పులు చూసి, రెండు చెక్కల్నీ ఊడబీకింది. అరగంట ప్రశ్నలడిగింది. కాళ్ళలో తిమ్మిరుందా అంది, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టింది. ఏ పూసా ఎక్కడికీ పోలేదని, కండరాలు బిగుసుకున్నాయని, ముప్ఫై ఏళ్ళు ఒకే చేత్తో రంపం లాగినవాడి భుజాలు సమానంగా ఉంటేనే వింతని చెప్పింది. పడక మానేసి ఓర్చుకోగలిగినంత నడవమంది. తేలిక పనులు చేసుకోమంది. ఎక్స్‌రే ఇప్పుడు అక్కర్లేదంది.

బావమరిదికి ఇదేదీ వైద్యంలా అనిపించలేదు.

"చెక్క కొసన చెక్కిన కుసి బెజ్జంలో కూర్చుంటే టక్‌మంటుందమ్మా. అనలేదంటే కూర్చోనట్టే."

"అది చెక్క బాబూ, ఈయన మనిషి. ఇక్కడ శబ్దం వచ్చినా కీళ్ళలో గాలిబుడగే. కూర్చునేదీ లేచేదీ ఏమీ ఉండదు."

అయినా బిగువు కాస్త సడలుతుందని మేస్త్రిని పక్కకి తిప్పి పడుకోబెట్టి నొక్కింది. టక్‌మంది. బావమరిది కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. మేస్త్రి మాత్రం తల ఎత్తి చెవి రిక్కించాడు.

"అది నేను కాదమ్మా. బల్ల కాలు."

బల్ల దిగి, దాని కిందికి దూరాడు. కాలి కుసి వదులైంది. తన చెప్పులోంచి ఊడిన చెక్కనే సన్నగా చీల్చి, సందులో దిగ్గొట్టి, కాలు ఊపి చూసి, తృప్తిపడి బయటికి వచ్చాడు. పావుగంట పట్టింది. ఇద్దరూ తనవైపే ఎందుకు చూస్తున్నారో అర్థమయ్యాక గబుక్కున నడుం పట్టుకున్నాడు. నొప్పి ఉంది కానీ, నిన్నటి దర్జా లేదు.

ఇంతకీ దూలం బరువెంతని డాక్టరమ్మ రాసుకోవడానికి అడిగింది. బావమరిది బయటికి వెళ్ళాక చెబుతానన్నాడు మేస్త్రి.

లైబ్రరీకి వెళ్ళేసరికి ఇద్దరు పనివాళ్ళు టేకు మెట్ల మీద స్టీలు గొట్టాలు పరిచి, బెజ్జాలకి గుర్తులు పెడుతున్నారు. నడుము విరిగిన మనిషి చేత పని చేయించుకున్నామన్న చెడ్డపేరు తమకొద్దని అధ్యక్షుడు అన్నాడు. మేస్త్రి ఒక్క క్షణం తన మెట్లను చూసుకున్నాడు.

"విరగలేదండీ. అసలు దూలమే లేదు. పెన్సిలు తీయబోయాను."

"పెన్సిలా?" అన్నాడు బావమరిది, ఆ దూలమేదో తన మీదే పడ్డట్టు.

అధ్యక్షుడు మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. "పని మీద ఎంత ప్రేమ లేకపోతే ఇంత అబద్ధం ఆడతారు?"

మేస్త్రి ఒట్టు వేశాడు. నమ్మించడానికి మెట్లన్నీ ఎక్కి దిగాడు. అధ్యక్షుడికి కళ్ళు చెమర్చాయి. గొట్టాలు వెనక్కి పంపించేశాడు. బావమరిదీ, ఆ ఇద్దరు పనివాళ్ళూ వర్క్‌షాపు నుంచి రెయిలింగు మోసుకొచ్చారు. మేస్త్రి చివరి నునుపు పట్టి మరలు బిగించాడు, మధ్యమధ్యలో నడిచాడు. చీకటి పడేలోగా రెయిలింగు నిలబడింది.

శనివారం సభలో అధ్యక్షుడు దూలం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. మేస్త్రి మెట్ల పక్కనే నిలబడి, పనితనం గురించి ఎవరైనా ఒక మాట అంటారేమోనని చూశాడు. ఆ రోజు మూడువందల మంది రెయిలింగు పట్టుకుని మెట్లెక్కారు, అందరూ మేస్త్రి నడుమునే చూశారు.