ఎడమకు లాగే కారు

కారు తిన్నగా పోవడాన్ని మించిన అనర్థం సంసారానికి మరొకటి లేదు! నవ్వకండి. నమ్మకపోతే మా వీధి చివరింటి లెక్కల టీచరమ్మ సంగతి వినండి.

ఆమె భర్త ఓ మందుల కంపెనీలో సేల్స్ మేనేజరు. ఆయన కారు ఒకసారి గుంతలో పడి లేచింది. అప్పట్నుంచీ ఎడమకు లాగడం మొదలుపెట్టింది. స్టీరింగ్ మీద పట్టు కాస్త సడలితే చాలు, చుట్టపుచూపుగా ఫుట్‌పాత్ మీదికి బయల్దేరేది.

ఎంత అదృష్టమో చూడండి. ఆయన రెండు చేతులూ స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. ఫోన్ జేబులో మోగి మోగి దానంతటదే ఊరుకునేది. పొద్దున స్కూలు దాకా, సాయంత్రం ఇంటి దాకా కబుర్లే కబుర్లు. తన మొగుడు ఈల వేస్తాడని, అదీ శ్రుతి తప్పకుండా వేస్తాడని ఆమెకు అప్పుడే తెలిసింది. టైర్లు ఒక పక్కే అరిగిపోతున్నాయా? అరగనివ్వండి. టైర్లు బజార్లో దొరుకుతాయి, మొగుడు దొరుకుతాడా?

ఈ సుఖం చూసి లోకం ఓర్వలేదు. ఆఫీసులో ఎవరో పుణ్యాత్ముడు వీల్ అలైన్‌మెంట్ చేయించమన్నాడు. మెకానిక్ చక్రాలకు ఏవో పలకలు బిగించాడు, కంప్యూటర్ చూసుకుంటూ కింద నట్లు తిప్పాడు, తెర మీది ఎర్ర అంకెలన్నిటినీ పచ్చగా మార్చాడు.

"ఇంక స్టీరింగ్ వదిలేసినా తిన్నగా పోతుంది సార్," అన్నాడు.

ఆయన ఆ మాటను అక్షరాలా పాటించాడు. ఖాళీ అయిన చేతిలోకి ఫోన్ వచ్చింది. ఈల పోయి "ఊఁ", "ఆఁ" మిగిలాయి. ఒక మలుపులో టీచరమ్మ కేక వేస్తేగానీ ఎదురుగా ఉన్న స్కూలు బస్సు ఆయనకు కనిపించలేదు. బస్సుకీ కారుకీ మధ్య జానెడు ఖాళీ మిగిలింది.

"ఏం కాలేదుగా," అన్నాడాయన, కిందపడ్డ ఫోన్ వెతుక్కుంటూ.

ఆ సాయంత్రమే ఆమె తనే కారు తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

"దీన్ని మళ్లీ ఎడమకు లాగేలా చేస్తావా బాబూ?"

మెకానిక్ తెల్లబోయాడు. "ఎందుకు మేడమ్?"

"మా ఆయన చేతులు ఖాళీగా ఉంటున్నాయి."

"నా వల్ల కాదు మేడమ్. రేపు ఎక్కడైనా గుద్దితే నా పేరు చెప్తారు."

మర్నాడు ఆమె తాళాలు అందుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. "మీరు హాయిగా ఫోన్ చూసుకోండి," అంది.

చూసుకుందామనే ఆయన పక్కన చేరాడు. మొదటి మలుపుకే ఫోన్ కాళ్ల దగ్గరికి జారింది. ఒక చెయ్యి కిటికీ పైనున్న పిడిని పట్టుకుంది, ఇంకోటి సీటును పట్టుకుంది. కుడికాలు లేని బ్రేకును తొక్కుతోంది.

"లారీ వస్తోంది, చూడు."

"చూస్తున్నా. మీ ఫోన్ మోగుతోంది, ఎత్తండి."

"ప్రాణాలు గాల్లో ఉంటే ఫోనేంటి? మనిషన్నాక కొంచెం బుద్ధి ఉండాలి," అన్నాడాయన.

ఆమె స్కూలుకు చుట్టు తిరిగి పోయే రోడ్డు పట్టింది.